కొడవలి గుంత నోరు ఎటువైపు?

ఎండు వంకకు ఉత్తరాన ఒక గుట్ట ఉంది. దానికి పేరు లేదు. పేరు పెట్టి పిలవాలంటే అక్కడ పిలవదగ్గది ఏదో ఒకటి ఉండాలి కదా! ఒకప్పుడు గడ్డీ, రేగుపొదలూ ఉండేవట. మేసేవాళ్లు మేశారు, కొట్టుకుపోయేది కొట్టుకుపోయింది, ఎర్రటి గట్టినేల మిగిలింది. దానిమీద పెంకులాంటి పెచ్చు కట్టింది. వాన పడితే నీళ్లు ఆ పెచ్చు మీద క్షణం ఆగకుండా జారి వంకలో పడేవి. గింజ పడితే గింజ ఎండేది, పెంటిక పడితే పెంటిక ఎండేది.

ఆ గుట్టకు పైసగం కంబగిరిది. కంబగిరి పొట్టేలు. మెలికలు తిరిగిన రెండు కొమ్ములు, మెడనిండా బొచ్చు, వెనకాల నలభై గొర్రెల మంద. కిందిసగం ఎవరికీ అక్కర్లేనిది కనుక సుంకులక్కది. సుంకులక్క గాడిద. పన్నెండేళ్లు కొండవాలుల్లో రాళ్లు మోసి మోసి ముసలిదైపోయాక యజమాని తోలేస్తే, ఎవరూ పొమ్మనని చోటు వెతుక్కుని అక్కడ నిలబడింది.

నిలబడి ఊరుకోలేదు. ముందుకాళ్ల గిట్టలతో నేల గీరడం మొదలుపెట్టింది.

కంబగిరి పైనుంచి చూసి నవ్వాడు. "ఏం సుంకులూ, బాయి తవ్వుతాండావా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటాండావా?"

"వానకు గిన్నెలు పెడ్తాండా నాయనా."

గిన్నెలంటే గిన్నెల్లా లేవు. కొడవలి వంపులో ఉన్నాయి ఒక్కొక్క గుంతా. తవ్వి తీసిన మన్నంతా వాలుకు కిందివైపు వంపుగా కట్ట పోసింది. పైవైపు తెరిచి వదిలేసింది. ఒక వరసలో రెండు గుంతల మధ్య సందు వచ్చినచోట కింది వరసలో గుంత పెట్టింది, ఒకదాన్ని తప్పించుకున్న నీరు ఇంకొకదాంట్లో పడేట్టు. వరసలు వాలుకు అడ్డంగా, దారం పట్టినట్టు సమంగా ఉన్నాయి. గాడిదకు దారం ఎక్కడిది? బరువుతో ఉన్న గాడిద కొండను నిలువుగా ఎక్కదు, అడ్డంగా నడుస్తుంది. ఎక్కుతున్నామో దిగుతున్నామో ఆ కాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎక్కడమూ దిగడమూ తెలియని దారి పట్టుకుని ఆమె వరసలు వేసింది.

తర్వాత ప్రతి గుంతలో ఎండుటాకులు, పుల్లలు, తన లద్దె వేసింది. మూడోరోజుకు చెదలు వచ్చాయి. చెదల పెద్ద గుంత అంచున నిలబడి అడిగింది, "ఇది మాకు పెట్టిన అన్నమా, పొరపాటున పడిందా?"

"మీకే. తిని కిందికి దావలు తవ్వండి. వాన ఆ దావల్లో దిగాల."

"అన్నం పెట్టి ఆడుకోమన్నట్టుండాదే! దిగండి పిల్లల్లారా" అంది పెద్ద.

ఆ ఏడు పడింది నాలుగు వానలే. అయినా గుంతలు నాలుగుసార్లూ నిండాయి, నాలుగుసార్లూ చెదల దారుల్లో నీళ్లు నేలలోకి దిగాయి. రెండో ఏటికి అరవై గుంతల్లో అరవై పచ్చటి కుచ్చులు లేచాయి. గరిక వచ్చింది, అంజన గడ్డి వచ్చింది, రెండు రేగుమొక్కలు కూడా తల ఎత్తాయి. ఒక కౌజుపిట్ట ఎక్కడినుంచో వచ్చి రెండో వరసలో గూడు కట్టి గుడ్లు పెట్టింది.

ఇక్కడే కంబగిరికి కడుపులో మంట మొదలైంది.

అంతకుముందు వంకకు నీళ్లకొచ్చే జంతువులన్నీ తల ఎత్తి పైసగం వైపు చూసేవి. "ఆ కొమ్ములు చూడబ్బా!" అని ఉడుము అనేది. "ఆ నిలుచునే తీరు చూడు!" అని కుందేలు అనేది. కంబగిరి వినీ విననట్టు మెడ తిప్పేవాడు. కొమ్ములకు మంచి వెలుగు పడే బండ ఏదో కూడా చూసి పెట్టుకున్నాడు. ఇప్పుడు అదే ఉడుము, అదే కుందేలు, కిందిసగం దగ్గరే ఆగిపోతున్నాయి. "సుంకులక్కా, ఇదెట్ల మొలిచిందే?" అంటున్నాయి. కంబగిరి బండ మీద నిలబడితే నిలబడ్డట్టే ఉంది. ఒకరోజు గట్టిగా దగ్గాడు కూడా. ఎవరూ తల ఎత్తలేదు.

మేత లేకపోవడం అతన్ని అంతగా బాధించలేదు. మేత ఎన్నేళ్లుగానో లేదు, బండల సందుల్లో దొరికిన పరకలతోనే మంద నెట్టుకొస్తోంది. తన కళ్లముందు, తన కాళ్లకింద, బరువులు మోసిన గాడిదను నలుగురూ అక్కా అని పిలవడం మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ గడ్డి ఎండిపోవాలని అతను కోరుకున్నాడు. పొద్దున లేస్తూనే కిందికి చూసేవాడు, ఎండిందేమోనని. ఎండేది కాదు. ఆ పూట నోటికి ఏదీ రుచించేది కాదు.

మందను పిలిచి ఆజ్ఞ వేశాడు. "ఆ గాడిద గడ్డి మీద మూతి పెట్టిన గొర్రె నా మందలో గొర్రె కాదు!"

మందలో పెద్దది ఓబుళమ్మ. చూడితో ఉంది. "ఓయ్, మేము పదకొండు మందిమి చూడితో ఉండాం. స్వాతి కార్తెకు ఈనుతాం. పాలు గడ్డిలోంచి వస్తాయి గానీ నీ కొమ్ముల్లోంచి రావు. గడ్డి లేకపోతే పిల్లలు బతకవు."

"గడ్డి నేను పుట్టిస్తా. ఆమెకు అరవై గుంతలైతే మనకు నూటిరవై. నలభై మందిమి ఉండాం, ఆమె ఒక్కతి. చూస్తూ ఉండు."

"మరి అంత సులభమైతే ఇన్నాళ్లూ ఏం చేసినావు?"

 కంబగిరి మెడ తిప్పి కిందికి దిగిపోయాడు. ఎంత కష్టమైనా సరే, గుట్టు ఆమెను అడగక తప్పదు. జీవితంలో మొదటిసారి గాడిదను వరస పెట్టి పిలిచాడు.

"సుంకులక్కా."

"రా నాయనా. ఎండన పడి వచ్చినావే."

"ఆ గుంతల మర్మమేందో చెప్పు."

"మర్మమేముంది దాంట్లో? వాలుకు అడ్డంగా నడువు. ఎక్కేదీ దిగేదీ తెలియని దావ చూసుకుని వరస పెట్టు. కట్ట కిందివైపు, నోరు పైవైపు. లోపల ఇంత చెత్త వెయ్యి, చెదలు వచ్చి మిగతా పని చేస్తాయి."

"అంతేనా?"

"అంతే. తొందరగా తవ్వు. పైన నీళ్లు ఆగితేనే కింద నా కట్టలు నిలబడేది. నిరుడు పెద్దవాన పడలేదు గనక బతికినా. పైనుంచి ఒక్కసారిగా దిగితే నా మట్టికట్టలు యాడ ఆగుతాయి? నువ్వు తవ్వేది నీకెంత మేలో నాకూ అంత మేలు."

కంబగిరి తిరిగి గుట్ట ఎక్కాడు. ఎక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఇంత సులభంగా ఎవరైనా గుట్టు చెప్తారా? పైన నా నీళ్లు నేను ఆపుకుంటే కింద ఆమెకు ఏం మిగులుతుంది? అలాంటిది, ఆపుకో నాయనా అని ఆమే చెప్తుందా? మేలు అంటోంది! నా మేలు ఆమెకెందుకు? ఆమె మేలు నేను ఒక్కరోజైనా కోరుకున్నానా?

చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

బండల మధ్య గుంటనక్క ఉంటుంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో నక్కకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని కంబగిరి నమ్మకం. ఆ ప్రాంతంలో చాలామందికి ఇలాంటి నమ్మకమే ఉంది, దానివల్ల బాగుపడ్డవాళ్లను మాత్రం నేను చూడలేదు.

"బావా, ఒకమాట. నీకు పోటీ వచ్చినవాడు నీ దగ్గరికే వచ్చి నీ గుట్టు అడిగినాడనుకో. నిజం చెప్తావా?"

నక్క పడీపడీ నవ్వింది. "నిజమా? నా సొంత పిల్లలకే చెప్పను."

"మరేం చెప్తావు?"

"నిజం మాదిరే ఉండాల, పనికి రాకుండా ఉండాల. ఒకేఒక్క ముక్క తిరగేసి చెప్తా. ఇంతకీ ఎవరు, ఏం చెప్పినారు?"

కంబగిరి జరిగింది చెప్పాడు. నక్క మెడ వంచి కిందిసగం వైపు చూసింది. చూసి తోక ఊపింది.

"నోరు పైకి అనిందా? ఆమె గుంతల నోళ్లు పైకే ఉండాయి, నిజమే. ఎందుకుండాయి? ఆమెకు పైన నువ్వుండావు. నీ సగంలో పడిన వాన దిగివస్తుంటే తాగడానికి అరవై నోళ్లు తెరుచుకుని కూచున్నాయి. నీకు పైన ఎవరుండారు?"

"ఎవరూ లేరు."

"మరి నువ్వు పైకి నోరు తెరిస్తే ఎవరి నీళ్లు తాగాలని?"

కంబగిరి కిందిసగం వైపు మళ్లీ చూశాడు. ఇన్నాళ్లూ ఆ గడ్డిని చూసి మండిపోయాడు గానీ అది తన నీళ్లతో పెరిగిన గడ్డి అని తోచలేదు. పైనుంచి చూస్తే అరవై నోళ్లూ తనవైపే తెరుచుకుని ఉన్నాయి. తనను చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి.

"దొంగముండ!" అన్నాడు.

"ఆమె నీవైపు తెరిచింది. నువ్వు ఆమెవైపు తెరువు. లెక్క సరి. ఇంకోమాట. నోళ్లు కిందికుంటే వంకకాడికి వచ్చినోళ్లందరికీ నీ గుంతలు నిండుగా కనబడతాయి. ఆమెవి చూడు, కిందినుంచి చూస్తే కట్టల వీపులే గదా కనిపించేది." నక్క మూతి నాక్కుంది. "అవును గానీ, మీ చూడిగొర్రెలు ఈనేది ఎప్పుడు?"

"స్వాతికి."

"మంచిది, మంచిది" అంది నక్క.

మర్నాటినుంచి పైసగంలో పని మొదలైంది. పొట్టేళ్లు కొమ్ములతో గుచ్చి పెళ్లగిస్తే గొర్రెలు గిట్టలతో గీరి మన్ను తోశాయి. కష్టంలో లోపం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కట్టలన్నీ పైవైపు, నోళ్లన్నీ కిందివైపు వచ్చాయి. మూడోరోజు ఓబుళమ్మ పని ఆపేసింది.

"ఏమప్పా, నీళ్లు వచ్చేది పైనుంచి గదా? వచ్చేచోట గోడ కట్టి, పోయేచోట వాకిలి పెడ్తాండామే!"

"నీకేం తెలుసు? ఆమె గుంతల్లోకి నీళ్లు నేరుగా దూకి బురద నింపుతాయి. మన కట్ట వీపుకు తగిలి నీళ్లు నిదానిస్తాయి. నిదానించి, చుట్టు తిరిగి, తెరిచిన నోట్లోకి మెల్లగా వస్తాయి."

"నీళ్లు తిరిగి పైకి ఎక్కుతాయా?"

"పని చూడు!"

గుంతల్లో చెత్త వేయనివ్వలేదు. చూడటానికి వచ్చేవాళ్లకు లద్దె కనిపించడమేమిటని, తోకలతో ఊడ్పించి అద్దంలా ఉంచాడు. చెదల పెద్ద ఒకరోజు కిందినుంచి వచ్చి ఒక గుంతలో అటూ ఇటూ తిరిగి చూసింది. "ఇల్లు బాగుంది. పొయ్యిమాత్రం ఎప్పుడూ వెలిగించినట్టు లేదు" అని వెళ్లిపోయింది.

పని అయ్యేసరికి వంక దగ్గర జనం, అదే జంతుజనం, మళ్లీ పైకి చూశారు. "ముగ్గు పెట్టినట్టుండాయబ్బా!" అంది ఉడుము. కుందేలు రెండుకాళ్ల మీద లేచి మరీ చూసింది. కంబగిరి చాలారోజుల తర్వాత తన బండ ఎక్కి మెడ తిప్పాడు. పొగిడినవాళ్ల ముఖాలు చూడలేదు. సుంకులక్క ముఖం చూశాడు. అది వాడిపోయి ఉంటే అతనికి కడుపు నిండేది.

ఆమె ముఖం వాడిపోయే ఉంది. గుట్ట ఎక్కి వచ్చింది కూడా, ఆయాసపడుతూ.

"నాయనా, తిరగేసినావు. కట్టలు కిందికి ఉండాల. పుబ్బ కార్తె పెద్దవానకు ఇంకా ఇరవైరోజులు టైముంది. తిప్పుకో. నేనూ వచ్చి తవ్వుతా. రోజుకు ఆరు గుంతలు తిప్పినా నూటిరవై అయిపోతాయి."

కంబగిరి సంబరంగా మందవైపు తిరిగాడు. "చూసినావా ఓబుళమ్మా? భయపడింది! మన పని తప్పయితే ఆమె ఎందుకు పరిగెత్తుకొస్తుంది? ఇంట్లో కూచుని నవ్వుకునేది గదా!"

"నవ్వుకునేది నువ్వు, నాయనా. నీ తప్పు వచ్చి నా నెత్తిన పడుతుంది. అందుకొచ్చినా" అంది సుంకులక్క.

"పో పో, నీ గుంతలు చూసుకో."

ఆమె అతని కళ్లు చూసింది. ఆ కళ్లలో వినడానికి చోటు లేదు. కిందికి దిగిపోయి, పై రెండు వరసల కట్టలకు రాళ్లు తెచ్చి పేర్చడం మొదలుపెట్టింది. ముసలి వీపు, పన్నెండేళ్లు మోసిన వీపు, మళ్లీ మోసింది.

ఆర్ద్రలో రాలాల్సిన చినుకులు ఆలస్యంగా అప్పుడు రాలాయి. నేల తడిసీ తడవని వాన. నేరుగా పైనుంచి పడింది కనుక కంబగిరి గుంతలూ తడిశాయి. "తడిసినాయి, తడిసినాయి!" అని అతను మందంతటికీ చూపించి తిరిగాడు. ఓబుళమ్మ మాత్రం ఒక్కొక్క గుంతలో మూతి పెట్టి చూసింది. వేలెడు లోతుకు కింద మన్ను పొడిగానే ఉంది.  కడుపులో పిల్ల కదులుతుంటే పడుకుంది.

పుబ్బ కార్తెలో, మధ్యాహ్నం పూట, పెద్దవాన వచ్చింది. మబ్బు గుట్ట మీద కూర్చున్నట్టు కూర్చుని కుమ్మరించింది. నీళ్లు పైనుంచి దిగి కంబగిరి మొదటి వరస కట్టల వీపులకు తగిలాయి. నిదానించలేదు. కొడవలి వంపు రెండువైపులా చీలి, పక్క కట్ట నుంచి చీలిన నీళ్లతో కలిసి, రెట్టింపై, రెండు గుంతల సందుల్లోంచి దూకాయి. ఊడ్చి పెట్టిన గుంతల్లో ఒక్కదాంట్లోనూ జానెడు నీరు నిలవలేదు. రెండో వరసకు వచ్చేసరికి అవి పాయలు, ఐదో వరసకు కాలువలు. పన్నెండో వరస చేరేసరికి నూటిరవై కట్టలూ నీటిని పోగు చేసి ఒకేచోటికి తోలినట్టయింది. అక్కడ నేల చీలి, మనిషిలోతు గండి పడింది. కంబగిరి మంద ఎన్నో ఏళ్లుగా వేసిన పెంటికలు, ఆ పెంటికలు కలిసిన పైమన్ను, కొత్తగా పెళ్లగించిన మెత్తటి మన్ను, అన్నీ ఆ గండిలోంచి కిందికి దిగిపోయాయి.

కింద సుంకులక్క మొదటి వరస ఒక్క దెబ్బకు పోయింది. రెండో వరస రాళ్లతో సహా పోయింది. కౌజుపిట్ట గూడు అందులోనే ఉంది. మూడో వరసలో గడ్డివేళ్లు మట్టిని పట్టుకున్నాయి. అక్కడ నీటి పొగరు కొంచెం తగ్గింది. నాలుగో వరసలో ఇంకొంచెం తగ్గింది. ఐదు నుంచి కింది వరసలన్నీ గుంతలు నిండి, పొర్లి, నిండి, చిక్కటి ఎర్రనీళ్లు పట్టుకుని నిలబడ్డాయి.

వాన వెలిశాక కంబగిరి తన సగమంతా తిరిగాడు. బండ కనిపించింది. ఎటుచూసినా బండే. గిట్ట పెడితే టకటకమంది.

సుంకులక్క మోకాలిలోతు ఒండ్రులో నిలబడి ఉంది. పోయిన రెండు వరసలవైపు చూస్తూ ఏడ్చింది. కౌజుపిట్ట ఆమె వీపు మీద వాలి, పైకి చూసి, "గుంతలు బాగా కనిపించినాయా అన్నా వంకకాడికి?" అని అరిచింది. 

ఇరవైరోజులు గడిచాయి. కంబగిరి మంద పెంటికలు కలిసిన ఒండ్రు కిందిసగంలో జానెడు మందాన పరుచుకుంది కదా, చెదలు దాంట్లో పండగ చేసుకున్నాయి. గుంతల్లో కుచ్చులు మాత్రమే కాదు, గుంతకూ గుంతకూ మధ్య కూడా గడ్డి కలిసిపోయింది. ఓబుళమ్మ ఒకపొద్దున లేచి, పదిమంది చూడిగొర్రెలను వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టింది.

"యాడికి?" అన్నాడు కంబగిరి.

"పాలకు."

"ఆ గడ్డి ముట్టుకుంటే నా మందలో గొర్రెవు కావని చెప్పినా!"

"కానులేప్పా" అని ఓబుళమ్మ ఆగకుండా నడిచింది. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నువ్వూ రా. కడుపు మాడ్చుకుని ఏం చూస్తావు?"

"రాళ్లైనా తింటా గానీ రాను."

సుంకులక్క వాళ్లను ఆపలేదు, అలాగని ఊరికే వదిలేయనూ లేదు. "ముందు ఆ కొట్టుకుపోయిన రెండు వరసలు కట్టి పెట్టండి. కట్ట కిందికి, నోరు పైకి, గుర్తుండాదా? మేసేది చివరి వరసనుంచి మేయండి. మొదలంటా కొరకొద్దు, అప్పుడే మళ్లీ లేస్తుంది. ఇంకోటి, పెంటికలు యాడంటే ఆడ వేయొద్దు. గుంత చూసుకుని వేయండి."

"అది గూడా చూసుకోవాల్నా అక్కా?" అంది ఒక పడుచు గొర్రె.

"అదే ముఖ్యం."

వారం తిరిగేసరికి మిగిలిన మందంతా ఒక్కొక్కటిగా దిగిపోయింది. నక్క రెండుమూడుసార్లు బండల వెనకనుంచి చూసింది. నలభై గొర్రెలు, మధ్యలో ఒక గాడిద. గాడిద కాలు ఎంత గట్టిగా తంతుందో నక్కకు ముందే తెలుసు. పక్క గుట్టకు మకాం మార్చేసింది. స్వాతికి పదకొండు పిల్లలూ పుట్టాయి. పదకొండూ నిలబడ్డాయి, పాలు తాగాయి.

పైసగంలో కంబగిరి ఒక్కడే. తన బండ మీద నిలబడితే ఇప్పుడు దగ్గడానికి కూడా ఓపిక లేదు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. కొమ్ములు మాత్రం అంతే ఉన్నాయి, మెడ వాటిని మోయలేకపోతోంది. చివరికి ఒకరోజు తూలుతూ దిగి, కిందిసగం హద్దు దగ్గర ఆగాడు. అవతల తన పిల్ల, తల్లి పొదుగు వదిలి, మొదటిసారి గడ్డిపరక కొరికి చూస్తోంది.

సుంకులక్క చూసి దగ్గరికి వచ్చింది. "రా నాయనా. తిను."

కంబగిరి తల వంచలేదు. నేలవైపు చూశాడు. కాళ్లకింద మన్ను అతనికి గుర్తే.

"ఇది నా మన్ను" అన్నాడు.

"నీదే. నేను కాదనలేదే."

"ఈ పెంటికలు నావి."

"నీవే. మోసుకుపోతానంటే మోసుకుపో. నా వీపు కావాలంటే అరువిస్తా."

ఓబుళమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. పడుచు గొర్రెలు ఫక్కున నవ్వాయి. ఆ నవ్వుకు కంబగిరిలో మిగిలిన కాస్త రక్తమూ పొంగి ముఖంలోకి వచ్చింది.

"అంతా నీ పన్నాగం! నా మన్ను, నా మంద, నా పిల్ల, అన్నీ లాగేసుకున్నావు. మోసం చేసినావు నన్ను!"

"ఏం మోసం చేసినా? కట్ట కిందికి, నోరు పైకి అని చెప్పినా. ఒకసారి కాదు, గుట్ట ఎక్కి వచ్చి మళ్లీ చెప్పినా."

"అదే!" అన్నాడు కంబగిరి. "నిజం చెప్పినావు! నువ్వు నిజం చెప్తావని నాకెట్ల తెలుస్తుంది?"

 సుంకులక్క పక్కకు జరిగి, గడ్డివైపు దారి వదిలి నిలబడింది.  కంబగిరి తల వంచి, ఎవరూ చూడకుండా ఉండాలని కళ్లు మూసుకుని, మేశాడు.

నీతి: ఓర్వలేనివాణ్ణి మోసగించడానికి ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెప్తే చాలు.